గ్రీకు పిథారి కుండీలు: ఎంచుకోవడం, నాటడం, ఏళ్ల తరబడి నిలబెట్టుకోవడం

పిథారి అనే పెద్ద గ్రీకు మట్టి జాడీని మొక్కల కోసం కొనేవాళ్లు ముందు అందం చూస్తారు, తర్వాత ధర, ఆఖరున అడుగున చిల్లు ఉందో లేదో చూస్తారు. ఈ వరుస తిరగెయ్యాలి. చేత్తో చేసిన టెర్రకోటను, అంటే కాల్చిన మట్టి పాత్రను, దెబ్బల కంటే ఎక్కువగా పాడుచేసేది నీరే. గోడలో ఇంకి బయటపడలేని నీరు, గడ్డకట్టి ఉబ్బే నీరు, ఉప్పును మోసుకొచ్చి అంచు దగ్గర వదిలే నీరు. కొనేటప్పుడైనా, నింపేటప్పుడైనా, కడిగేటప్పుడైనా ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: ఇందులోకి వచ్చిన నీరు ఎటు పోతుంది?

ఈ జాడీలు ఎక్కడివి, ఎలా చేస్తారు

పిథారి పుట్టింది మొక్కల కోసం కాదు. ఆలివ్ నూనె, ధాన్యం, ద్రాక్షసారా నిల్వ చేయడానికి. క్రీటు దీవిలోని నోసోస్‌లో 1878లో స్థానిక వర్తకుడు మినోస్ కలొకెరినోస్ తవ్వినప్పుడు, 1900 నుంచి బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త ఆర్థర్ ఎవాన్స్ తవ్వినప్పుడు రాజభవనం పడమటి గిడ్డంగుల్లో ఇలాంటి పెద్ద జాడీలు బారులుగా బయటపడ్డాయి. అదే దీవిలో హెరాక్లియన్ ప్రాంతపు త్రాప్సానో, రెథిమ్నో ప్రాంతపు మార్గరీతెస్ నేటికీ కుమ్మరి ఊళ్లు. దక్షిణ గ్రీసులోని పెలొపొన్నీస్ ద్వీపకల్పంలో మెస్సీనియాకు చెందిన కొరోని జాడీలకు కూడా పాత పేరుంది.

త్రాప్సానో కుమ్మరులు ఒకప్పుడు వేసవిలో జట్లుగా ఊరు విడిచి, మంచి మట్టి, నీరు, కట్టెలు దొరికేచోట దిగి జాడీలు చేసేవారు. నేలలో పొడవాటి గాడి తవ్వి, అందులో వరుసగా తిరిగే సారెలు నిలిపేవారు. ఒక్కో సారె మీద ఒక్కో జాడీ. పెద్ద కుమ్మరి మొదటి జాడీకి ఒక చుట్టు గోడ లేపి పక్కదానికి వెళతాడు. వరుస చివరికి చేరేసరికి మొదటిది తర్వాతి చుట్టు బరువు మోయగలిగేంత ఆరి ఉంటుంది. ఇలా చుట్టు మీద చుట్టు పేర్చుకుంటూ మూతిదాకా వస్తాడు.

ఈ పద్ధతి తెలిస్తే జాడీని చూసే చూపు మారుతుంది. పొట్ట చుట్టూ కనిపించే మట్టి పట్టీలు అలంకారం మాత్రమే కావు. ఒక చుట్టు మరో చుట్టును కలిసే అతుకును అవి బిగించి పట్టుకుంటాయి. జాడీ బలహీనపడేది ఆ అతుకుల దగ్గరే, కాబట్టి కొనేటప్పుడు వేలితో తడమాల్సిందీ అక్కడే. మెడ కింద ఉండే చెవులు తాళ్లు కట్టడానికి పెట్టినవి. మట్టి నిండిన కుండీని ఆ చెవులు పట్టుకుని ఎత్తితే అవి ఊడి చేతికి వస్తాయి.

ముందు ఆకారం తేల్చుకోండి

మూతి ఇరుకు, పొట్ట వెడల్పు ఉన్న జాడీ కంటికి ఎంతో బాగుంటుంది. కానీ అందులో చెట్టు నాటితే రెండు చిక్కులు. మొదటిది, నాలుగైదేళ్లకు వేళ్లు పొట్ట నిండా పరుచుకుంటాయి, ఆ వేరుముద్ద ఇరుకు మెడలోంచి బయటికి రాదు. అప్పుడు వేళ్లు కోయాలి, లేదా జాడీ పగలగొట్టాలి. రెండోది, మంచు పడే చోట తడిమట్టి గడ్డకట్టి ఉబ్బినప్పుడు దానికి పైకి జరిగే దారి ఉండదు. పైకి వెడల్పయ్యే కుండీలో ఆ మట్టిముద్ద కొంత పైకి జారుతుంది. పొట్ట ఉన్న జాడీలో మాత్రం ఒత్తిడంతా గోడ మీద పడుతుంది.

అందుకే చెట్లకు, పొదలకు మూతి వెడల్పు పొట్ట వెడల్పుతో సమానంగానో అంతకంటే ఎక్కువగానో ఉన్న కుండీ తీసుకోండి. ఇరుకు మూతి జాడీ మీదే మనసు పడితే దాన్ని ఖాళీగా నిలబెట్టండి. లేదంటే మూతిలో ఇమిడే ప్లాస్టిక్ కుండీలో మొక్క పెంచి, దాన్ని లోపల ఇటుకల మీద కూర్చోబెట్టండి. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. జాడీ పదికాలాల పాటు ఉండాలంటే ఇదే మంచి పద్ధతి.

అడుగు వెడల్పు కూడా చూడాలి. పిథోస్ (పిథారి ప్రాచీన పేరు) అనే పాత జాడీలు చాలావాటికి అడుగు సన్నం, ఎందుకంటే వాటిని నేలలో కొంత పాతేవారు లేదా ఆనించేవారు. అడుగు వెడల్పు ఎత్తులో సగం కంటే తక్కువైన జాడీలో గాలి పట్టే చెట్టు నాటితే పెద్ద ఈదురుగాలికి పడిపోతుంది. దాన్ని గోడ వారగా పెట్టి తీగతో కట్టాలి, లేకపోతే నేలలో నాలుగైదు అంగుళాలు దించాలి. నేలలో దించినప్పుడు చిల్లు కింద కంకర గుంత తప్పనిసరి.

చేతిపనిని గుర్తుపట్టడం

లోపలికి చెయ్యి పెట్టి చూడండి. సారె మీద లేపిన కుండీలో వేళ్ల గీతలు మెలికలు తిరుగుతూ పైకి పోతాయి. చుట్లుగా పేర్చినదానిలో ప్రతి జానెడుకో అతుకు గీత తగులుతుంది, గోడ మందం కాస్త ఎక్కువ తక్కువగా ఉంటుంది. అచ్చులో పోసిన దానికి నిలువుగా ఒక సన్నటి గీత ఉంటుంది. దాన్ని రుద్ది చెరిపినా లోపలి వైపు మిగిలిపోతుంది. ఒకే వరుసలోని పది కుండీలు మిల్లీమీటరు తేడా లేకుండా ఉన్నాయంటే అవి అచ్చులోంచి వచ్చినవే.

రంగులో మరకలుంటే భయపడకండి. సున్నం ఎక్కువున్న మట్టి కాలితే తేనె రంగుకో పాలిపోయిన పసుపుకో తిరుగుతుంది, ఇనుము ఎక్కువున్నది ఎర్రబడుతుంది. మంట తాకిన వైపు ముదురు మచ్చ పడుతుంది. ఇవన్నీ బట్టీ గుర్తులు, లోపాలు కావు.

లోపల మెరుపు పూత ఉంటే మాత్రం అది నూనె నిల్వకు చేసిన జాడీ. గోడ ఊపిరి తీసుకోదు కాబట్టి మొక్కకు మామూలు మట్టికుండీ వల్ల కలిగే మేలు దానిలో ఉండదు. చిల్లు పెద్దదిగా ఉంటే వాడుకోవచ్చు, నీళ్లు మాత్రం తగ్గించి పోయాలి.

కొనేముందు చేయాల్సిన పరీక్షలు

మొదటిది మోత. కుండీ పూర్తిగా పొడిగా, ఖాళీగా ఉండాలి. రెండు కర్రముక్కల మీద నిలిపి వేలి కణుపుతో నాలుగు వైపులా కొట్టండి. బాగా కాలిన, పగులు లేని కుండీ ఖంగుమంటుంది, ఆ మోత ఒక్క క్షణం నిలుస్తుంది. మొద్దుగా ‘డబ్’ మని ఆగిపోతే ఎక్కడో నెర్రె ఉంది, లేదా కాలింది చాలలేదు. వాన తడిసిన కుండీ బాగున్నా మొద్దుగానే మోగుతుంది, కాబట్టి తడిగా ఉన్నప్పుడు తీర్పు ఇవ్వకండి.

రెండోది నీటిబొట్టు. గోడ బయట ఒక బొట్టు వేసి చూడండి. బొట్టు పడీపడగానే మాయమైతే ఆ మట్టి చాలా గుల్ల. కొన్ని క్షణాలు నిలిచి మెల్లగా పీల్చుకుంటే మంచిదే. కచ్చితంగా తెలుసుకోవాలంటే అదే బట్టీలో కాలిన చిన్న కుండీనో పెంకునో తీసుకోండి. ఎండలో రెండు మూడు రోజులు ఆరబెట్టి తూచండి, 24 గంటలు నీళ్లలో ముంచి, తుడిచి మళ్లీ తూచండి. పెరిగిన బరువును పొడి బరువుతో భాగించి 100తో గుణిస్తే పీల్చుకునే శాతం వస్తుంది. 1 కిలో పెంకు 1.1 కిలో అయిందంటే 10 శాతం. మంచు పడే చోటుకు ఈ అంకె ఎంత తక్కువైతే అంత మేలు. 15 దాటితే ఆ కుండీని మంచులో బయట వదలొద్దు. మంచే లేని చోట 15 శాతం కుండీ కూడా ఏళ్ల తరబడి పనిచేస్తుంది, కాకపోతే నీళ్లు ఎక్కువ తాగుతుంది.

మూడోది సున్నపు పొక్కులు. సున్నపురాయి పలుకు మట్టిలో మిగిలిపోతే 900 డిగ్రీల సెల్సియస్ చేరేలోపు అది కాలి సున్నమవుతుంది. బట్టీలోంచి బయటికొచ్చాక గాలిలో చెమ్మను పీల్చి ఉబ్బుతుంది, పైనున్న మట్టిని చిన్న బిళ్లలా ఊడదీస్తుంది. ఆ గుంత మధ్యలో తెల్లచుక్క కనిపిస్తే కారణం ఇదే. ఒకటి రెండు ఉంటే చూపుకే లోపం. అంచు మీద, అతుకుల దగ్గర డజన్ల కొద్దీ ఉంటే వదిలేయండి. ఇవి బట్టీ దిగిన కొన్ని వారాల్లోనే బయటపడతాయి కాబట్టి, ఆరుబయట కొంతకాలం నిలిచిన కుండీని కొనడం కొత్తదాన్ని కొనడం కంటే మంచి పని.

ఇక మూతి అంచు చుట్టూ గోరు నడిపించి వెంట్రుక పగుళ్లు వెతకండి. అడుగు చదునైన నేల మీద ఊగకుండా కూర్చోవాలి. ఊగితే బరువంతా రెండు చోట్లే పడి, మట్టి నింపాక అడుగు చీలుతుంది.

‘మంచును తట్టుకుంటుంది’ అనే చీటీని యథాతథంగా నమ్మకండి. టెర్రకోటను సాధారణంగా 900 నుంచి 1,100 డిగ్రీల మధ్య కాలుస్తారు. ఆ పరిధిలో పై అంచుకు చేరిన కుండీ గోడ చిక్కబడి తక్కువ నీరు పీలుస్తుంది. అమ్మేవారిని ఎన్ని డిగ్రీలకు కాల్చారో, ఆ మట్టి కుండీలు ఎన్ని చలికాలాలు బయట నిలిచాయో అడగండి. క్రీటు తీరంలో మంచు పడటం అరుదు. అక్కడ వందేళ్లు నిలిచిన జాడీ చలిదేశంలో రెండు చలికాలాలకే పొరలూడవచ్చు.

సైజు, బరువు

మొక్క వేరుముద్ద చుట్టూ 5 సెంటీమీటర్ల ఖాళీ ఉంటే చాలు, 10 దాటనక్కరలేదు. చిన్నమొక్కను పెద్ద జాడీలో పెడితే వేళ్లు అందుకోని మట్టి రోజుల తరబడి తడిగా ఉండి పుల్లబడుతుంది, వేళ్లు కుళ్లుతాయి. తులసికి చుట్టమైన గ్రీకు బాసిల్‌కు 20 సెంటీమీటర్ల లోపలి వెడల్పు సరిపోతుంది. జెరేనియంకు 25 నుంచి 30, లావెండర్‌కు 30, నిమ్మకు 45 నుంచి 50, మనిషెత్తు ఆలివ్‌కు 50 నుంచి 60.

బరువు ముందే లెక్కకట్టాలి. లోపల 50 సెంటీమీటర్ల వెడల్పు, 50 లోతు ఉన్న నిటారు కుండీలో దాదాపు 98 లీటర్లు పడుతుంది. తడిసిన కుండీమట్టి లీటరుకు 1 నుంచి 1.3 కిలోలు తూగుతుంది. గోడ 3 సెంటీమీటర్ల మందం అనుకుంటే ఖాళీ కుండీయే 65 నుంచి 70 కిలోలు. చెట్టుతో కలిపి 170 నుంచి 200 కిలోలు. డాబా మీదో బాల్కనీలోనో ఇలాంటివి రెండు పెట్టాలంటే ముందు భవనం ఎంత మోస్తుందో ఇంజినీరును అడగాలి. స్లాబు మధ్యలో కాకుండా కింద గోడ లేదా దూలం ఉన్న చోట పెట్టాలి.

ఈ బరువు వల్లే మరో నియమం: కుండీని దాని చోట నిలిపాకే మట్టి పోయాలి. ఖాళీ కుండీని కదిలించేటప్పుడు పాత దుప్పటి పరిచి, పొట్ట పట్టుకుని ఇద్దరు ఒరిగించి, అడుగు అంచు మీద మెల్లగా తిప్పుతూ నడిపించండి. ఈడ్చకండి. ట్రాలీ ఉంటే పట్టీతో పొట్ట దగ్గర కట్టండి. బండిలో తెచ్చేటప్పుడు పడుకోబెట్టి రెండువైపులా ఇసుక మూటలు ఆనించండి. ఒకదానిలో ఒకటి దూర్చి పేర్చేటప్పుడు మధ్యలో గడ్డి వేయకపోతే తడిసి ఇరుక్కుంటాయి, లాగేటప్పుడు అంచు పోతుంది.

నీరు పోయే దారి

50 సెంటీమీటర్ల కుండీకి 35 నుంచి 40 మిల్లీమీటర్ల చిల్లు ఒకటి, లేదా 20 నుంచి 25 మిల్లీమీటర్ల చిల్లులు మూడు ఉండాలి. చిల్లు లేని జాడీకి మీరే వేసుకోవచ్చు.

జాడీని ఒక రాత్రి తడిపి, మందపాటి ఇసుక పరుపు మీద బోర్లించండి. చిల్లు వేసే చోట టేపు అంటించండి, బిట్ జారదు. గోడలకు వాడే 6 మిల్లీమీటర్ల బిట్‌తో, డ్రిల్లింగ్ యంత్రాన్ని సుత్తి మోడ్‌లో కాకుండా మామూలు తిరుగుడులో, తక్కువ వేగంతో మొదలుపెట్టండి. బిట్ మీద నీళ్లు పడుతూనే ఉండాలి. ఎవరైనా ఒకరు సన్నటి ధార పోస్తుంటే మీరు డ్రిల్ చేయండి, విద్యుత్ యంత్రం మీద నీళ్లు పడకుండా చూసుకోండి. ఆ చిన్న చిల్లు దాటాక డైమండ్ పూత ఉన్న గొట్టం బిట్‌తో పెద్దది చేయండి. చివరి కొన్ని మిల్లీమీటర్లలో ఒత్తిడి తగ్గించాలి. చాలా కుండీలు పగిలేది అక్కడే, ఎందుకంటే బిట్ అవతలికి దూసుకుపోతూ లోపలి వైపు పెంకును లేపేస్తుంది.

చిల్లు అడుగున ఉన్నంత మాత్రాన సరిపోదు. కుండీ చదును నేలకు అంటుకుంటే చిల్లు మూసుకుపోతుంది. 2 నుంచి 3 సెంటీమీటర్ల ఎత్తున్న మూడు కాళ్లు పెట్టండి. మూడైతే ఎగుడుదిగుడు నేల మీద కూడా ఊగదు. అవి అడుగు మధ్యలో కాకుండా గోడ కిందికి రావాలి. గోడ నేరుగా బరువు దించుతుంది, అడుగు పలక వంగదు.

అడుగున కంకర పరిస్తే నీళ్లు త్వరగా దిగుతాయన్నది చాలామంది నమ్మకం. అది నిజం కాదు. సన్నటి మట్టిలోంచి నీరు ముతక కంకరలోకి సులువుగా దిగదు, మట్టి పూర్తిగా తడిసి బరువెక్కేదాకా ఆ సరిహద్దు దగ్గరే నిలుస్తుంది. కంకర వేసిన కొద్దీ ఆ తడి పొర వేళ్లకు దగ్గరవుతుంది. చిల్లు మీద ఒక జాలీ ముక్క చాలు, మట్టి జారకుండా.

నింపడం, నాటడం

ముందు కుండీని నానబెట్టండి. పొడి టెర్రకోట చుట్టూ ఉన్న మట్టిలోంచి నీటిని లాగేస్తుంది. నాటిన మొదటి వారంలో మొక్క వాడటానికి చాలాసార్లు కారణం ఇదే. చిన్న కుండీని తొట్టిలో ఒక రాత్రి ముంచండి. పెద్దదాన్ని లోపలా బయటా గొట్టంతో మూడు నాలుగుసార్లు తడపండి, గోడ రంగు ముదిరి అలాగే నిలిచేదాకా.

ఆలివ్, లావెండర్, రోజ్‌మేరీ లాంటి మధ్యధరా మొక్కలకు రెండు పాళ్లు గుల్లగా ఉండే తోటమట్టి, రెండు పాళ్లు ప్యూమిస్ (అగ్నిపర్వతపు గుల్లరాయి) లేదా పెర్లైట్ (వేడితో ఉబ్బించిన తెల్లటి పలుకులు) లేదా ముతక ఇసుక, ఒక పాలు మాగిన కంపోస్టు కలపండి. గ్రీసులో తోటమాలులు ఇష్టంగా వాడేది ప్యూమిస్. నిసిరోస్ దీవి పక్కనున్న యాలి అనే చిన్న దీవిలో దాని గనులున్నాయి. అది తేలిక, నీళ్లు పట్టుకుంటుంది, ఏళ్లు గడిచినా నలగదు. ఇసుక వాడితే బరువు పెరుగుతుందని గుర్తుంచుకోండి. సముద్రపు ఇసుక వద్దు, దాని ఉప్పు మొక్కకూ గోడకూ చేటే. నిమ్మకు కంపోస్టు రెండు పాళ్లు చేసి, ప్యూమిస్ లేదా ఇసుక ఒక పాలు తగ్గించండి. నేల తవ్విన మట్టిని అలాగే పోస్తే ఏడాదికే గట్టిపడి ఇటుకలా అవుతుంది.

జాలీ వేసి, మట్టి మూడో వంతు పోసి చేత్తో మెల్లగా అదమండి. మొక్క మొదలు మునుపు నర్సరీ కుండీలో ఎంత లోతున ఉందో అంతే లోతున రావాలి. చుట్టూ మట్టి పోస్తూ కర్రతో పొడవండి, గోడ పక్కన గాలి బుడగలు మిగలకూడదు. పైన 5 సెంటీమీటర్లు ఖాళీ వదలండి. 50 సెంటీమీటర్ల కుండీలో ఆ ఖాళీలో దాదాపు 10 లీటర్లు నిలుస్తుంది, అంటే ఒక్క పోతకు సరిపడా. ఖాళీ వదలకపోతే నీళ్లు అంచు దాటి కారిపోయి, గోడ బయట చారలు మిగులుతాయి.

లోతైన జాడీలో బరువు తగ్గించడానికి అడుగున బోర్లించిన ప్లాస్టిక్ కుండీలు లేదా థర్మాకోల్ దిమ్మలు పెట్టడం ఏడాది మొక్కలకు పర్వాలేదు, వాటికి 25 నుంచి 30 సెంటీమీటర్ల మట్టి చాలు. చెట్లకు మాత్రం చేయకండి. వేళ్లకు లోతు పోతుంది, బరువు పైకి చేరి జాడీ ఒరుగుతుంది.

ఏ మొక్క పెట్టినా వేళ్ల బలం చూసుకోవాలి. అగపాంథస్, వెదురు, మర్రి జాతి చెట్లు గోడను లోపలి నుంచి నెట్టి చీల్చేస్తాయి. క్రీటులో మాత్రమే సహజంగా పెరిగే డిటనీ అనే ఔషధ మొక్క ఇలాంటి కుండీకి ఎంతో నప్పుతుంది, దానికి రాతి సందుల్లాంటి పొడి మట్టి కావాలి. గన్నేరు అందంగా ఉంటుంది, కానీ అన్ని భాగాలూ విషం. పిల్లలూ పశువులూ తిరిగేచోట వద్దు.

నీళ్లు, ఎరువు

మట్టికుండీ గోడల నుంచి నీరు ఆవిరవుతుంది. అందుకే వేళ్లు చల్లగా ఉంటాయి, అందుకే ప్లాస్టిక్ కుండీ కంటే తరచుగా నీళ్లు కావాలి. రోజు లెక్క పెట్టుకోకండి, వేలు 5 సెంటీమీటర్లు దించి చూడండి. అక్కడ పొడిగా ఉంటే చిల్లులోంచి కారేదాకా పోయండి. కొంచెం కొంచెంగా రోజూ చల్లితే పైమట్టే తడుస్తుంది, ఉప్పులన్నీ పైనే పేరుకుంటాయి.

నీళ్లు పోయగానే క్షణాల్లో చిల్లులోంచి వచ్చేస్తే కుండీ తడిసిందనుకోవద్దు. కంపోస్టు, కొబ్బరి పొట్టు పూర్తిగా ఎండితే నీటిని తిప్పికొడతాయి. ముద్ద కుంచించుకుపోయి గోడకూ మట్టికీ మధ్య సందు ఏర్పడుతుంది, నీరంతా ఆ సందులోంచి జారుతుంది. కర్రతో ఆ సందు పూడ్చి, సన్నటి ధారతో ఒక గంట పాటు వదిలివదిలి పోయండి. చిన్న కుండీనైతే తొట్టిలో అరగంట కూర్చోబెట్టండి.

కింద పళ్లెం పెడితే అందులో నీళ్లు నిలవనివ్వకండి. గోడ అడుగు భాగం ఆ నీటిని పైకి పీలుస్తుంది, ఉప్పు అక్కడే గడ్డకట్టి పెంకు పొరలు పొరలుగా రాలుతుంది. పూత లేని పళ్లెం అయితే కింద గచ్చు మీద కూడా చెమ్మ మరక పడుతుంది.

ఎరువుల ఉప్పు కడిగేయడానికి, పెరిగే కాలంలో రెండు నెలలకోసారి కుండీ ఘనపరిమాణానికి రెట్టింపు నీటిని విడతలుగా పోసి పూర్తిగా వెళ్లనివ్వండి.

తెల్లపొర, నాచు, శుభ్రం

గోడ మీద తెల్లటి చవుడు రెండు రకాలు. పొడి బ్రష్‌తో రుద్దితే రాలిపోయేది నీటిలో కరిగే ఉప్పు, ఎరువుల నుంచి వచ్చింది. రుద్దినా పోనిది సున్నం, గట్టినీటి నుంచి వచ్చింది. మొదటిదాన్ని పొడిగానే దులపండి, తడిపితే కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. రెండోదానికి ఒక పాలు తెల్ల వెనిగర్, నాలుగు పాళ్లు నీళ్లు కలిపి, ముందు గోడను మామూలు నీటితో తడిపి, తర్వాత బ్రష్‌తో పూసి పది నిమిషాలకు కడిగేయండి. సున్నపు మట్టితో చేసిన తేనె రంగు జాడీని ఆమ్లంలో ఎక్కువసేపు ఉంచితే పెంకు కూడా తింటుంది, కాబట్టి గంటల తరబడి నానబెట్టడం వద్దు. వైర్ బ్రష్ కూడా వద్దు, గీతల్లోకి ఇనుము చేరి తుప్పు మరకలవుతాయి.

నాచు, పాకుడు ఉన్నాయంటే గోడ తడిగా ఉంటోందని అర్థం. పలుచని ఆకుపచ్చ పొర జాడీకి హాని చేయదు, దాన్ని అలా వదిలేయడమే మా సలహా, అది అందమే. జబ్బుపడి చచ్చిన మొక్క ఉన్న కుండీని మళ్లీ వాడేముందు మాత్రం క్రిమిరహితం చేయాలి. పాత మట్టి రాల్చి, తోమి, ఒక పాలు ఇంటి బ్లీచ్, తొమ్మిది పాళ్ల నీళ్లలో పది నిమిషాలు ముంచి, బాగా కడిగి ఎండలో ఆరబెట్టండి. బ్లీచ్‌ను, వెనిగర్‌ను ఎప్పుడూ కలపకండి, ఒకటి వాడిన వెంటనే రెండోది వాడకండి. వెలువడే క్లోరిన్ వాయువు ఊపిరితిత్తులకు ప్రమాదం.

గోడకు రంగు పూయాలనుకుంటే సున్నమే మంచిది. ఈజియన్ దీవుల్లో మెట్లకు, కుండీలకు వేసే తెల్లసున్నం గోడను మూయదు, చెమ్మ బయటికి పోతుంది. బయట మెరుపు వార్నిష్, అక్రిలిక్ పూత వేస్తే లోపలి నుంచి వచ్చే తడి పూత వెనక చిక్కుకుంటుంది, ఉప్పు అక్కడే ఉబ్బి పూతతోపాటు పెంకును ఊడదీస్తుంది. చవుడు మరీ బాధిస్తుంటే బయటివైపు కాకుండా లోపలి గోడకు చిల్లులు పొడిచిన ప్లాస్టిక్ షీటు తొడగండి. అడుగు మాత్రం మూయకండి. ఎండలు మండే చోట నిమ్మలాంటి దాహపు చెట్లకు ఇది నీటిని కూడా ఆదా చేస్తుంది. ఆలివ్, లావెండర్‌కు అవసరం లేదు.

చలికాలం

నీరు గడ్డకడితే దాని ఘనపరిమాణం దాదాపు 9 శాతం పెరుగుతుంది. గోడ రంధ్రాల్లో ఉన్న నీటికీ లోపలి మట్టిలోని నీటికీ ఇదే వర్తిస్తుంది. మొదటిది పొరలూడదీస్తుంది, రెండోది నిలువునా చీలుస్తుంది. కాబట్టి మంచు వచ్చే చోట చేయాల్సింది కుండీని వెచ్చగా ఉంచడం కంటే ముందు పొడిగా ఉంచడం.

శరదృతువు చివర నీళ్లు తగ్గించండి. కుండీ కాళ్లు శుభ్రం చేసి చిల్లు తెరిచి ఉందో లేదో పుల్లతో చూడండి. కుండీలను వాన నేరుగా పడని చోట, ఇంటి గోడ వారగా దగ్గరదగ్గరగా చేర్చండి. గోనెపట్టా చుట్టితే వేళ్లకు మేలు. కుండీలో వేళ్లకు నేల రక్షణ ఉండదు, నేలలోని చెట్టు తట్టుకునే చలిని కుండీలోని చెట్టు తట్టుకోదు. ఆలివ్‌నైతే సున్నా కంటే 5 డిగ్రీలు తగ్గే రాత్రుల్లో లోపలికి తేవడం మంచిది. కుండీని ప్లాస్టిక్‌తో బిగుతుగా చుట్టకండి, లోపల చెమ్మ నిలిచి మొదటి గట్టి మంచుకే గోడ పోతుంది.

ఖాళీ ఇరుకు మూతి జాడీని బయట వదిలితే అడుగున చిల్లు ఉన్నా సరే, మూత పెట్టాలి లేదా బోర్లించి కర్రముక్కల మీద నిలపాలి. ఆకులు చిల్లును మూసి, లోపల వాననీరు నిలిచి, ఒక్క రాత్రిలో జాడీ రెండు ముక్కలవుతుంది.

పగుళ్లు పడితే

అంచు నుంచి కిందికి దిగే వెంట్రుక పగులు కనిపించగానే కుండీని ఖాళీ చేయండి, మట్టి ఒత్తిడి దాన్ని రోజురోజుకీ పొడిగిస్తుంది. పగులు చివర 3 మిల్లీమీటర్ల చిన్న చిల్లు వేస్తే అక్కడ ఆగుతుంది. తర్వాత కుండీని వారం పాటు పొడిగా ఆరబెట్టి, పగులులోకి పలుచని ఎపాక్సీ జిగురు దిగనివ్వండి, పొట్ట చుట్టూ బిగింపు పట్టీతో 24 గంటలు పట్టి ఉంచండి. పట్టీని మరీ బిగిస్తే ఎదుటివైపు కొత్త పగులు పడుతుంది.

అతకడానికి సిమెంటు వాడకండి. సిమెంటు గట్టిగా ఉండి పెంకుతోపాటు కదలదు, పైగా దానిలోంచి ఉప్పులు కారి పక్కనున్న టెర్రకోటను చవుడు పట్టిస్తాయి. రెండు భాగాల ఎపాక్సీలో అదే కుండీ పెంకు పొడి కలిపితే రంగు కూడా కలుస్తుంది.

పెద్ద ముక్కలుగా పగిలిన జాడీకి ప్రాచీన గ్రీకులు పగులుకు రెండు వైపులా చిల్లులు వేసి సీసపు బద్దలు పోసేవారు, తవ్వకాల్లో అలా బాగుచేసిన పిథోస్ జాడీలు దొరికాయి. ఇప్పుడు సీసం బదులు రాగి లేదా స్టెయిన్‌లెస్ తీగ వాడాలి. పగులుకు 2 సెంటీమీటర్ల దూరంలో ఎదురెదురుగా 4 మిల్లీమీటర్ల చిల్లులు వేసి, ముక్కలను ఎపాక్సీతో అతికించి, ఆరాక తీగ దూర్చి లోపలివైపు మెలిపెట్టండి. మామూలు ఇనుప తీగ తుప్పు పట్టి ఉబ్బి చిల్లునే చీలుస్తుంది. ఇలా బాగుచేసిన జాడీలో బరువైన చెట్టు వద్దు. లోపల ప్లాస్టిక్ కుండీ పెట్టి జెరేనియమో బాసిలో పెంచితే, గోడ మీద మట్టి ఒత్తిడి ఉండదు, అతుకు చాలా ఏళ్లు నిలుస్తుంది.